మిల్లీమీటరు విలువ: అమెరికా మాజీ సైనికుల గాయపు మచ్చలు, పరిహారం, అప్పీళ్లు

అమెరికా సైన్యంలో పనిచేసి బయటికి వచ్చిన ఒక వ్యక్తికి దవడ మీద అయిదు సెంటీమీటర్ల మచ్చ ఉందనుకుందాం. వేలితో తడిమితే ఉబ్బెత్తుగా తగులుతుంది, గడ్డం గీసుకునేటప్పుడు నొప్పి పెడుతుంది. పరీక్షించిన వైద్యుడు దాని వెడల్పు 0.5 సెంటీమీటర్లని రాస్తే, అతనికి దక్కే వైకల్యం మొత్తం 20 శాతం. అదే వైద్యుడు 0.6 అని రాస్తే 40 శాతం. 2024 డిసెంబరు నుంచి ఏడాదిపాటు అమల్లో ఉన్న రేట్ల ప్రకారం, ఒంటరిగా ఉండే మాజీ సైనికుడికి మొదటి లెక్కలో నెలకు 346.95 డాలర్లు వస్తే, రెండో లెక్కలో 774.16 డాలర్లు వచ్చేవి. ఒక్క మిల్లీమీటరు తేడాకు ఏడాదికి అయిదు వేల డాలర్ల పైచిలుకు, అదీ ఆదాయపు పన్ను లేకుండా.

క్లుప్తంగా: అమెరికాలో మాజీ సైనికుల వ్యవహారాలు చూసే వెటరన్స్ అఫైర్స్ శాఖ (వాడుకలో వీఏ) ఎక్కువమందిలో గుర్తించే వైకల్యాలలో మచ్చలు చాలాకాలంగా మొదటి పది స్థానాల్లో ఉంటున్నాయి. ఈ క్లెయిముల్లో గాయం అయిందా లేదా అన్న దానికన్నా, మచ్చను ఎలా కొలిచారు, ఏ కోడ్ కింద పెట్టారు, నొప్పిని కాగితం మీద రాశారా అన్న వాటిపైనే వివాదం నడుస్తుంది. అప్పీలులో ఏ దారి ఎంచుకోవాలన్నది కూడా ఆ లోపం ఎక్కడ జరిగిందన్న దాన్ని బట్టే తేలుతుంది.

## మచ్చకు సైన్యంతో ముడి

ఏ వైకల్యానికైనా పరిహారం రావాలంటే మూడు విషయాలు రుజువు కావాలి: సర్వీసులో ఉండగా గాయమో, జబ్బో, సంఘటనో జరిగి ఉండాలి, ఇప్పుడు ఆ వైకల్యం ఉండాలి, ఆ రెంటికీ సంబంధం ఉండాలి. మిగతా జబ్బులతో పోలిస్తే ఇక్కడ మచ్చకు ఒక సౌలభ్యం ఉంది. వెన్నునొప్పి కంటికి కనిపించదు, మచ్చ కనిపిస్తుంది. ఎప్పటిదన్నదే ప్రశ్న.

దానికి జవాబు చాలాసార్లు చేరిక నాటి వైద్య పరీక్ష పత్రంలో దొరుకుతుంది. ఆ పత్రంలో శరీరం మీది గుర్తులు, మచ్చలు, పచ్చబొట్లు రాసే గడి ఒకటి ఉండేది. మన పదో తరగతి సర్టిఫికెట్‌లో రెండు పుట్టుమచ్చలు రాయించుకున్నట్టే, అదీ మనిషిని గుర్తుపట్టడానికి పెట్టిన గడే. అయితే దశాబ్దాల తర్వాత అదే గడి సాక్ష్యంగా మారుతుంది. చేరినప్పుడు ఆ గడిలో లేని మచ్చ, విడుదల నాటి పరీక్షలో కనిపిస్తే, సర్వీసు కాలంలోనే వచ్చిందనడానికి అది బలమైన ఆధారం. చేరేటప్పుడే రాసి ఉన్న మచ్చకు పరిహారం కావాలంటే మాత్రం, సర్వీసు వల్ల అది ముదిరిందని చూపాలి.

ఆ కాగితాలే లేనివారూ ఉన్నారు. 1973 జూలై 12న మిస్సోరి రాష్ట్రం సెయింట్ లూయిస్ శివారులోని జాతీయ సిబ్బంది రికార్డుల కేంద్రంలో జరిగిన అగ్నిప్రమాదంలో, 1912 నవంబరు నుంచి 1960 జనవరి 1 వరకు విడుదలైన ఆర్మీ సిబ్బంది ఫైళ్లలో దాదాపు 80 శాతం బూడిదయ్యాయి. ఇలాంటి కేసుల్లో అనుకూల, ప్రతికూల సాక్ష్యాలను మరింత జాగ్రత్తగా తూచి, తీర్పుకు కారణాలు వివరంగా చెప్పాల్సిన బాధ్యత వీఏపై ఉందని న్యాయస్థానాలు చెబుతూ వచ్చాయి. యుద్ధంలో పాల్గొన్నవారి విషయంలో చట్టం ఇంకొంచెం ముందుకెళ్లి, పోరాట పరిస్థితులకు సరిపడేలా ఉంటే రికార్డు లేకపోయినా వారి మాటనే రుజువుగా తీసుకోమంటుంది.

శస్త్రచికిత్స మచ్చల సంగతి చాలామంది మరచిపోతారు. సర్వీసులో దెబ్బతిన్న మోకాలికి విడుదలైన ఇరవై ఏళ్లకు ఆపరేషన్ జరిగినా, ఆ కుట్ల మచ్చ మోకాలి వైకల్యానికి అనుబంధంగా అర్హత పొందుతుంది. నొప్పి లేకుండా సన్నగా మానిపోతే దానికి సున్నా శాతం ఇస్తారు. చేతికి డబ్బేమీ రాదు గానీ, మచ్చకు సర్వీసుతో సంబంధం ఉందన్న గుర్తింపు మాత్రం నమోదవుతుంది. తర్వాతెప్పుడైనా అది నొప్పి పెట్టడం మొదలైతే, సంబంధాన్ని మళ్లీ మొదటి నుంచి నిరూపించుకునే పని తప్పుతుంది.

## అయిదు కోడ్‌లు, అయిదు చూపులు

శాతాలు నిర్ణయించే పట్టికలో మచ్చలకు 7800, 7801, 7802, 7804, 7805 అనే అయిదు కోడ్‌లున్నాయి. ఒక్కో కోడ్ మచ్చను ఒక్కో కంటితో చూస్తుంది.

తల, ముఖం, మెడ మీది మచ్చలకు వర్తించే 7800 రూపాన్ని చూస్తుంది. వికృతికి ఎనిమిది లక్షణాలు నిర్ణయించారు: పొడవు 13 సెంటీమీటర్లు లేదా అంతకు మించి ఉండటం, వెడల్పు ఎక్కడైనా కనీసం 0.6 సెంటీమీటర్లుండటం, తడిమితే ఉబ్బెత్తుగానో లోతుగానో తగలడం, అడుగునున్న కండకు అతుక్కుపోవడం, రంగు మారడం, చర్మం నునుపు తప్పడం, లోపలి మెత్తని కణజాలం పోవడం, చర్మం గట్టిపడి సాగకపోవడం. చివరి నాలుగూ 39 చదరపు సెంటీమీటర్లకు మించిన మేరలో ఉంటేనే లెక్కలోకి వస్తాయి. ఒక లక్షణానికి 10 శాతం, రెండు మూడింటికి 30, నాలుగైదింటికి 50, ఆరు లేదా అంతకు మించి ఉంటే 80. ముక్కు, పెదవి, కనురెప్పలు, చెవుల వంటి అవయవాల ఆకృతి చెడి, కణజాలం పోయి ఉంటే, అలాంటి అవయవాల సంఖ్యను బట్టి కూడా ఇవే శాతాలకు చేరవచ్చు. ఈ లక్షణాలన్నీ ఒకే మచ్చలో ఉండాలన్న నియమమేమీ లేదు. నుదుటి మచ్చ వెడల్పు, మెడ మీది మచ్చ ఉబ్బు కలిపి లెక్కించవచ్చు.

మెడ దిగువన రూపంతో పని లేదు, విస్తీర్ణమే ముఖ్యం. లోపలి మెత్తని కణజాలం దెబ్బతిన్న మచ్చలను 7801 కింద, దెబ్బతినని వాటిని 7802 కింద చూస్తారు. మొదటి దానిలో 39 చదరపు సెంటీమీటర్లకు 10 శాతంతో మొదలై, 929 లేదా అంతకు మించి ఉంటే 40 శాతం వస్తుంది. రెండో దానిలో 929 చదరపు సెంటీమీటర్లు ఉంటే గానీ 10 శాతం కూడా రాదు. ఈ 929 వింత అంకెలా కనిపిస్తుంది గానీ, అది 144 చదరపు అంగుళాలు, అంటే సరిగ్గా ఒక చదరపు అడుగు. ఇవి ప్రధానంగా కాలిన గాయాలను మనసులో పెట్టుకుని రాసిన అంకెలని అర్థమవుతూనే ఉంది. మోకాలి ఆపరేషన్ మచ్చ 15 సెంటీమీటర్ల పొడవు, 0.3 వెడల్పు ఉంటే విస్తీర్ణం నాలుగున్నర చదరపు సెంటీమీటర్లే. ఆ లెక్కలో దానికి ఎన్నటికీ శాతం రాదు.

అలాంటి మచ్చలకు మిగిలిన తలుపు 7804. ఇది నొప్పిని, నిలకడ లేకపోవడాన్ని చూస్తుంది. ఏ కారణం చేతనైనా మచ్చ మీది చర్మం తరచుగా లేచిపోతూ ఉంటే దాన్ని నిలకడ లేని మచ్చ అంటారు. ఇలాంటివి ఒకటి రెండుంటే 10 శాతం, మూడు నాలుగుంటే 20, అయిదు లేదా అంతకు మించి ఉంటే 30. ఒకే మచ్చకు నొప్పీ, చర్మం లేచిపోవడమూ రెండూ ఉంటే మరో 10 శాతం కలుపుతారు. ఇక్కడ విస్తీర్ణంతో నిమిత్తం లేదు. గోరంత మచ్చయినా, జానెడు మచ్చయినా ఒకటే. ఇక 7805, మచ్చ వల్ల కీలు వంగకపోవడం, నరం దెబ్బతినడం వంటి ఇతర ఇబ్బందులను వాటి వాటి కోడ్‌లకు పంపే దారి మాత్రమే.

## నిబంధనల్లో మాటలు మారిన తీరు

ఇన్ని కొలతలెందుకన్న ప్రశ్న సహజం. 2002 ఆగస్టు 30కి ముందు ముఖం మీది మచ్చలకు స్వల్పం, మధ్యస్థం, తీవ్రం, అసాధారణంగా జుగుప్స కలిగించేది అన్న మెట్లుండేవి. ఒక అధికారికి స్వల్పంగా కనిపించినది మరొకరికి తీవ్రం. పై మెట్టుకైనా 50 శాతమే. ఈ మెట్లు తీసేసి ఎనిమిది లక్షణాల పద్ధతిని తెచ్చి, గరిష్ఠాన్ని 80కి పెంచారు. మిల్లీమీటర్ల తగాదా అప్పటి నుంచి వచ్చిందే అయినా, మనిషి ముఖాన్ని చూసి జుగుప్స కలుగుతోందో లేదో అధికారి తేల్చే పద్ధతి కన్నా ఇది మేలనే చెప్పాలి.

నొప్పి విషయంలో మారిన మాటలు ఇంకా ఆసక్తికరమైనవి. తొలుత 7804లో, ముట్టుకుంటే నొప్పి ఉందని పరీక్షించేవారికి కనబడేలా రుజువు కావాలని ఉండేది. 2002లో దాన్ని ‘పరీక్షలో నొప్పి ఉన్న’ మచ్చ అని మార్చారు. 2008 అక్టోబరు 23 నుంచి అమల్లోకి వచ్చిన సవరణలో ‘పరీక్షలో’ అన్న మాట కూడా పోయి, ‘నొప్పి ఉన్న’ అన్నది మాత్రమే మిగిలింది. మచ్చల సంఖ్యను బట్టి మెట్లు పెట్టడమూ అప్పుడే. ఆ ఒక్క మాట పోవడంతో, పరీక్ష జరిగిన పూట నొప్పి లేకపోయినా, ఉందని చెప్పే మాజీ సైనికుడి వాంగ్మూలానికి చోటు ఏర్పడింది.

2018 ఆగస్టు 13న మరో మార్పు వచ్చింది. ‘లోతైన’, ‘పైపైన ఉన్న’ అన్న మాటల బదులు కణజాలం దెబ్బతిన్నదా లేదా అన్న ప్రశ్న పెట్టారు. గీతలా ఉన్న మచ్చలను 7801, 7802 నుంచి దూరంగా ఉంచిన షరతు తొలగించారు. రెండు చేతులు, రెండు కాళ్లు, మొండెం ముందు భాగం, వెనుక భాగం అని శరీరాన్ని ఆరు మండలాలుగా విభజించారు. ఏళ్ల తరబడి సాగిన అప్పీలులో ఏ తేదీకి ఏ నిబంధన వర్తిస్తుందో చూసుకోవడం ఇందువల్లే అవసరమవుతుంది. కొత్త నిబంధన మేలైనదైనా, అది అమల్లోకి వచ్చిన తేదీకి ముందున్న కాలానికి దాని ప్రకారం డబ్బు రాదు.

## ఒక గాయం, మూడు శాతాలు

ఒకే ఇబ్బందికి రెండు పేర్లు పెట్టి రెండుసార్లు పరిహారం ఇవ్వకూడదన్నది వీఏ నిబంధనల్లో పాత సూత్రం. ఈ సూత్రాన్ని అడ్డం పెట్టి మచ్చలన్నింటినీ ఒకే 10 శాతంలో కట్టేసే పద్ధతికి 1994లో వెటరన్స్ అప్పీళ్ల న్యాయస్థానం ఎస్టెబాన్ వర్సెస్ బ్రౌన్ తీర్పుతో హద్దు గీసింది. ఆ కేసులో ముఖం కుడివైపు గాయం వల్ల మూడు ఫలితాలు మిగిలాయి: వికృతి, నొప్పి పెట్టే మచ్చలు, నమలడానికి అడ్డొచ్చే కండరాల నష్టం. ఒక ఫలితపు లక్షణాలు మరొక దానిలో కలవనప్పుడు మూడింటికీ విడివిడిగా శాతం ఇవ్వాల్సిందేనని న్యాయస్థానం చెప్పింది. మొదట్లో అనుకున్న దవడ మచ్చకు 7800 కింద ఒకటి, 7804 కింద ఒకటి వేసి లెక్కించడం దీని ఫలితమే. ఇప్పుడు నిబంధనలోనే ఆ మాట రాసి ఉంది.

తూటా గాయాల్లో మచ్చ ఇంకో పని కూడా చేస్తుంది. అక్కడ అది లోపలి నష్టానికి సాక్షి. కండరాల గాయాలను స్వల్పం నుంచి తీవ్రం దాకా నాలుగు తరగతులుగా విభజించే నిబంధన, తూటా దూరిన మచ్చ, బయటికి వచ్చిన మచ్చ ఎలా ఉన్నాయో చూడమంటుంది. చిన్నగా, గీతలా ఉంటే తూటా కండలో కొద్ది దూరమే వెళ్లిందని గుర్తు. అంచులు చిరిగి, లోతుగా, కండకు అతుక్కుని ఉంటే విస్తారంగా నష్టం జరిగిందని గుర్తు. ఒకవైపు దూరి మరోవైపు వచ్చిన తూటా కండరాన్ని దెబ్బతీస్తే, ఆ కండర సమూహానికి కనీసం మధ్యస్థ తరగతి ఇవ్వాలి. మచ్చను చర్మపు కోడ్ కింద పెట్టేసి ఊరుకున్న పాత నిర్ణయాల్లో ఈ కండరాల లెక్కే తరచుగా జారిపోయి ఉంటుంది. ముఖం మీది మచ్చల వల్ల మానసిక కుంగుబాటు వచ్చిందని వైద్యుడు నిర్ధారిస్తే, దానికీ అనుబంధ క్లెయిము వేయవచ్చు.

## పరీక్ష గదిలో ఏం జరుగుతుంది

ఇన్ని నిబంధనలూ చివరికి ఒక ప్రశ్నావళి మీద ఆధారపడతాయి. వీఏ వైద్యుడో, ఒప్పందపు సంస్థ పంపిన వైద్యుడో ఆ ప్రశ్నావళి నింపుతారు: మచ్చలెన్ని, ఎక్కడ, పొడవెంత, వెడల్పెంత, నొప్పి ఉందా, చర్మం లేస్తోందా. శాతం నిర్ణయించే ఉద్యోగి మనిషిని చూడడు, ఆ కాగితాన్నే చూస్తాడు. వెడల్పు అన్న గడిలో వైద్యుడు సగటు రాస్తాడా, ఎక్కువ వెడల్పున్న చోట రాస్తాడా అన్నది చిన్న విషయంగా కనిపిస్తుంది. నిబంధన అడిగేది అత్యధిక వెడల్పు. సగటు రాసిన కాగితంలో 0.6 కాస్తా 0.5 అయిపోతుంది.

నొప్పి గడిలోనూ ఇదే చిక్కు. ‘ఇప్పుడు నొప్పి ఉందా?’ అని అడిగితే, మంచం మీద కదలకుండా కూర్చున్న మనిషి లేదనే అంటాడు. బెల్టు రాసుకున్నప్పుడు, చలికి, బరువు మోసినప్పుడు సంగతి అడిగితే జవాబు వేరు. చర్మం లేచిపోయే మచ్చ కూడా పరీక్ష రోజున మానినట్టే కనబడవచ్చు. వచ్చిపోతూ ఉండే చర్మవ్యాధిని అది చురుగ్గా ఉన్న దశలో పరీక్షించాలని 1994లోనే అదే న్యాయస్థానం ఆర్డిసన్ కేసులో చెప్పింది. దీనికి విరుగుడుగా తేదీలతో తీసిన ఫొటోలు, ఇంట్లోవారి లిఖిత వాంగ్మూలాలు పనికొస్తాయి. కంటికి కనిపించేదాన్ని, తనకు తెలిసే నొప్పిని చెప్పడానికి వైద్య పట్టా అక్కరలేదు. ముఖం మీది మచ్చల విషయంలో అయితే, ఏ సవరణలూ చేయని రంగుల ఫొటోలను పరిగణించాలని నిబంధనే చెబుతోంది.

## పదీ పదీ కలిస్తే పంతొమ్మిది

శాతాలు మామూలుగా కూడవు. 40 శాతం ఉన్న వ్యక్తికి మచ్చ కింద 10 వస్తే, మిగిలిన 60 శాతంలో పదో వంతు, అంటే 6 కలిసి 46 అవుతుంది. దగ్గరి పదికి సవరిస్తే 50. అతనికే మరో 10 వస్తే 54లో పదో వంతు కలిసి 51, సవరిస్తే మళ్లీ 50. అంటే రెండో మచ్చ మీద గెలిచిన అప్పీలు వల్ల అప్పటికి చేతికొచ్చేది ఏమీ లేదు, తర్వాత మరో వైకల్యం కలిస్తే తప్ప. అప్పీలుకు దిగే ముందు ఈ లెక్క వేసుకోవాలి.

## అప్పీలుకు మూడు దారులు

2017 ఆగస్టు 23న సంతకమైన అప్పీళ్ల సంస్కరణ చట్టం 2019 ఫిబ్రవరి 19 నుంచి అమలవుతోంది. నిర్ణయం వెలువడిన ఏడాదిలోగా మూడింటిలో ఒక దారి ఎంచుకోవాలి.

మొదటిది అదనపు క్లెయిము. దీనికి కొత్తదీ, విషయానికి సంబంధించినదీ అయిన సాక్ష్యం కావాలి. కొలత తప్పు పడినా, నొప్పి నమోదు కాకపోయినా ఇదే సరైన దారి, ఎందుకంటే సరిచేయాల్సింది రికార్డునే. సొంత వైద్యుడి చేత అదే ప్రశ్నావళి నింపించి జతచేయవచ్చు.

రెండోది పైస్థాయి సమీక్ష. ఇక్కడ కొత్త కాగితం ఒక్కటి కూడా తీసుకోరు; అనుభవం ఉన్న వేరే అధికారి పాత ఫైలునే మళ్లీ చదువుతాడు, కోరితే ఫోనులో ఒకసారి మాట్లాడి తప్పులు ఎత్తి చూపవచ్చు. పరీక్ష కాగితంలో ఉబ్బు, 0.6 వెడల్పు రెండూ ఉన్నా 10 శాతమే ఇచ్చారంటే, తప్పు కొలతలో లేదు, చదవడంలో ఉంది. అప్పుడు ఈ దారి. కొలతే తప్పయినప్పుడు ఈ దారి పట్టినవారు, సమీక్షకుడు అదే తప్పు కొలతను మళ్లీ చదవడం చూసి వెనుదిరుగుతారు.

మూడోది వాషింగ్టన్‌లోని వెటరన్స్ అప్పీళ్ల బోర్డు. ఉన్న ఫైలు మీదే తీర్పు, 90 రోజుల్లో సాక్ష్యం చేర్చడం, న్యాయమూర్తి ముందు విచారణ అని ఇందులో మళ్లీ మూడు వరుసలున్నాయి. చట్టం అర్థమే తగాదాగా ఉన్న కేసులకు, ఒక గాయానికి విడివిడి శాతాలు ఇవ్వని కేసులకు ఇది తగినది. బోర్డు కాదంటే 120 రోజుల్లో వెటరన్స్ అప్పీళ్ల న్యాయస్థానానికి వెళ్లవచ్చు.

ఏడాది గడువు తప్పకుండా ఒక దారి నుంచి మరో దారికి మారుతూ వెళ్తే, మొదటి క్లెయిము తేదీ నిలుస్తుంది, బకాయిలు ఆ తేదీ నుంచే లెక్క. గడువు దాటిందా, కొత్త క్లెయిము తేదీ నుంచే డబ్బు. గుర్తింపు పొందిన మాజీ సైనికుల సంఘాలు ఈ పనిలో ఉచితంగా సాయపడతాయి. న్యాయవాదులు మొదటి నిర్ణయం వచ్చాకే రుసుము తీసుకోగలరు. గుర్తింపు లేకుండా, మొదటి దరఖాస్తుకే డబ్బు గుంజే సంస్థలపై వీఏ హెచ్చరికలు జారీ చేస్తూనే ఉంది.

## భారత్‌లో తగాదా వేరే చోట

భారత సైనిక వైకల్య పింఛను కేసుల్లో మచ్చ వెడల్పు గురించిన వాదన అరుదు. ఇక్కడ పోరాటం మొదటి మెట్టులోనే: వైకల్యం సర్వీసు వల్ల కలిగిందా, లేక సర్వీసు వల్ల ముదిరిందా. దాని తర్వాత వైద్య బోర్డు ఇచ్చే శాతం 20 లేదా అంతకు మించి ఉండాలి. ఉంటే మెట్లు పెద్దవి: 2014 డిసెంబరు 10న సుప్రీంకోర్టు విస్తృతంగా వర్తింపజేసిన సవరణ పద్ధతిలో 50 కన్నా తక్కువ ఉన్నది 50గా, 50 నుంచి 75 వరకు 75గా, ఆపైన 100గా లెక్కిస్తారు. అర్హతా నియమాలను 2023లో మార్చారు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ మాజీ సైనికుల కేసులు సాయుధ దళాల ట్రిబ్యునల్ చెన్నై ధర్మాసనం పరిధిలోకి వస్తాయి.

అమెరికాలో 10 శాతం దవడ మచ్చకు నెలనెలా డబ్బు జీవితాంతం వస్తుంది; 2024 డిసెంబరు నాటి రేటు ప్రకారం అది 175.51 డాలర్లు. పదవీ విరమణ నాటికి వైద్య బోర్డు అదే మచ్చకు 10 శాతం వేస్తే, భారత సైనికుడు 20 శాతం గడప దగ్గరే ఆగిపోతాడు. ఆ గడప దాటిన తోటి సైనికుడికి మాత్రం 20 శాతమే 50గా మారుతుంది.